బొంత

సంస్కృతమున 'కంథ' యనబడు అతుకుల దుప్పటికి తెలుగున 'బొంత' యని పేరు. వంగదేశమున 'కాంథా'యై సూచీకళగా ప్రఖ్యాతి నొందిన యా కంథయే భర్తృహరి వైరాగ్యశతకమున విరాగుల పరిచ్ఛదము. చిత్తూరు సీమ బొంతకు వైరాగ్యముతో నంతగా పని లేదు: వేసవి మధ్యాహ్నములందు ఇరుగుపొరుగమ్మలు అరుగుపై చేరి, చిరుగులున్న నూలుచీరను లోపలికిని, మెత్తనిదానిని పైకిని పొరలుగా పఱచి, నలుగురును నాలుగంచుల గూర్చుండి, వంకర కుట్టు వేసినవారిని పరిహసించుచు, పెద్దసూదులతో బారుకుట్లు వేయుదురు. నేటి స్నేహితురాండ్రు క్విల్టింగు అను పేర నభిరుచిగా నేర్చుకొనునది చాలవఱకు నిదియే. నడుమ దూదిపొర యొకటి యధికము. దంపతులను ఎగతాళి సేయు 'గంతకు తగ్గ బొంత' యను సామెతలో మాత్రము ఈ మాటకు గౌరవము కొఱవడినది. పసిబిడ్డల పక్కకు దీనినే వెదకు అవ్వలు ఆ యెగతాళిని లెక్కసేయరు.