విలియం కేరీ దీక్ష: శ్రీరామపురమున తెలుగు

తెలుగు భాషకు సేవచేసిన పాశ్చాత్యులను తలచుకొనునపుడు మనకు మొదట స్ఫురించు పేరు చార్లెస్ ఫిలిప్ బ్రౌనుది. ఆ వెనుక క్యాంబెల్, ఎల్లిస్, కాల్డ్వెల్ పేర్లు వచ్చును. విలియం కేరీని మాత్రము వంగసాహిత్య చరిత్రకారులకు విడిచిపెట్టుట మనకు పరిపాటి. ఇందు కొంత న్యాయము లేకపోలేదు. ఆయన నలువది యేండ్లకు మించి భారతదేశమున జీవించెను గాని తెలుగునాట నివసింపలేదు. ఆయన కర్మభూమి కలకత్తా, దానికి ఎగువను హుగ్లీనది ఒడ్డున నున్న శ్రీరామపురము. ఐనను 1814 లో ఒక తెలుగు వ్యాకరణమును, 1818 లో తెలుగు క్రొత్త నిబంధనయు, 1821 లో మోషే పంచకాండములును శ్రీరామపురపు ముద్రాలయమునుండియే వెలువడెను.

తెలుగువారి నడుమ బ్రతుకని మనుష్యుడు తెలుగునకై ఇంత శ్రమ యెందులకు పడెను? బ్రౌనునకు వేమన పద్యము నాలుకపై నాడెను. కేరీకి అట్టి రసాస్వాదము లభించిన జాడ లేదు. ఆయనను నడిపినది భాషాప్రీతి కంటె పెద్దదియు, కొన్ని యెడల దానికంటె కఠినమైనదియు నగు ఒకే సంకల్పము. దైవకార్యము తప్ప తనకు వేరు కార్యము లేదని నమ్మినవాని బ్రతుకు ఎట్లుండునో, అందేమి పండునో, ఏమి మాడిపోవునో తెలిసికొనుటకు కేరీ చరిత్రము మంచి నిదర్శనము.

ఇంగ్లండులో నార్తాంప్టన్ మండలమునందలి పాలర్స్‌పరీ యను పల్లెలో 1761 ఆగస్టు 17 వ తేదీన కేరీ జన్మించెను. వృత్తి చెప్పులు కుట్టుట. ఆ పని చేయుచునే లాటిను, గ్రీకు, హీబ్రూ నేర్చుకొనెను. బాప్టిస్టు సంఘమున బోధకుడయ్యెను. క్రీస్తు తన శిష్యులకిచ్చిన ఆజ్ఞ ఆనాటి శిష్యులతోనే తీరిపోయినదనియు, అన్యదేశముల సంగతి దేవుడే చూచుకొనుననియు పలువురు సాటి బోధకులు తలచుచుండిరి. ఆ ఆజ్ఞ నేటికిని బాధ్యతయే యని వాదించుచు కేరీ 1792 లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఆ సంవత్సరము అక్టోబరు 2 వ తేదీన కెటరింగు పట్టణమున బాప్టిస్టు మిషనరీ సంఘము వెలసెను. ఇతరులను పొమ్మని చెప్పినవాడు తానే ముందు బయలుదేరెను.

ఆ బయలుదేరుటలోనే దీక్షకు వెలకట్టుట ఆరంభమయ్యెను. కేరీ భార్య డొరతీ. వివాహమునాటికి వ్రాత రాక, రిజిష్టరులో గుర్తు మాత్రము పెట్టిన సామాన్య గ్రామస్త్రీ. సముద్రము దాటుటకు ఆమె మొదట ఒప్పుకొనలేదు. చివరకు ప్రయాణము ముంచుకొని వచ్చినపుడు, ఒడిలో కొన్ని వారముల శిశువుతో, తోడుగా తన చెల్లెలు వచ్చునను ధైర్యముతో ఓడ యెక్కెను. 1793 నవంబరున ఆ కుటుంబము కలకత్తా చేరెను. ఈస్టిండియా కంపెనీ తన యేలుబడిలో మిషనరీలను సహింపదు. వారు ఎక్కి వచ్చినది డేనిష్ ఓడ. చేతనున్న ద్రవ్యము శీఘ్రముగా హరించిపోయెను. కలకత్తా శివారులనుండి సుందరవనములకు, అటనుండి ఉత్తరవంగమందలి మదనబాటికి వారు తరలిరి. ఆ తుదిచోట కేరీ నీలిమందు కార్ఖానాకు అధికారిగా కుదిరి జీవనము గడపెను. పగలు నీలిమందు, రాత్రి వంగభాష. రామరామ వసువు ఆయనకు మున్షీ.

1794 లో అయిదేండ్ల కుమారుడు పీటరు రక్తగ్రహణితో మరణించెను. ఆ దెబ్బనుండి డొరతీ తేరుకొనలేదు. ఆమె మతి చలించెను. భర్తను అనుమానించుట, దూషించుట, కొన్ని సమయముల మీదికి వచ్చుట సంభవించెను. తరువాతి సంవత్సరములలో ఆమెను గదిలో నిర్బంధింపవలసి వచ్చెను. ప్రక్కగదిలో ఆమె కేకలు వినబడుచుండగా కేరీ అనువాదము సాగించెనని ఆయన చరిత్రకారులు వర్ణింతురు. దీనిని కొందరు భక్తులు ఆయన ఏకాగ్రతకు మెచ్చుకోలుగా చెప్పుదురు. కాని ఆ గదిలోపల నున్న స్త్రీ దృష్టితో చూచినచో ఇది మెచ్చుకోలు కాదు. ఆనాడు మానసిక వ్యాధికి తగిన చికిత్స లేదు. కేరీ ఆమెను పిచ్చియాసుపత్రికి పంపక ఇంటనే ఉంచుకొనెను. ఇవి సత్యములే. తన యిష్టముతో నిమిత్తము లేని దీక్షకు ఆమె ఆహుతి యయ్యెననునదియు సత్యమే. 1807 డిసెంబరులో ఆమె శ్రీరామపురమున మరణించెను.

1800 జనవరిలో కేరీ శ్రీరామపురమునకు వచ్చెను. అది డెన్మార్కు ప్రభువుల అధీనమునందలి పట్టణము, కంపెనీ చేయి అందని చోటు. అప్పటికే అక్కడ బడిపంతులైన జాషువా మార్ష్‌మన్, ముద్రాపకుడైన విలియం వార్డు దిగియుండిరి. ఈ మువ్వురి కలయిక అపూర్వమైనది. అందరికి ఒకే వంటశాల, ఒకే ధనాగారము. ఎవ్వరును సొంత వ్యాపారము చేయరాదు; సంపాదన యంతయు సమష్టి నిధికి చెందవలెను. 1805 లో ఈ నియమములను ఒక ఒడంబడికగా వ్రాసికొని, ఏటేట దానిని చదువుకొనవలెనని నిర్ణయించుకొనిరి. 1801 లో కలకత్తా ఫోర్టు విలియం కళాశాలలో వంగభాష బోధించుటకు కేరీకి నెలకు 500 రూపాయల ఉద్యోగము దొరకెను. తరువాత జీతము 1000 రూపాయలయ్యెను. ఆ కాలమున ఇది భాగ్యవంతుల ఆదాయము. అందులో అధికభాగము ముద్రాలయమునకును, పాఠశాలలకును పోయెను. వారములో కొన్ని దినములు కళాశాలలో పాఠములు, మిగిలిన దినములు శ్రీరామపురమున అచ్చుప్రతులు. నడుమ హుగ్లీపై పడవ ప్రయాణము. ఈ క్రమము ముప్పది యేండ్లు నడచెను. తన ప్రజ్ఞ యంతయు పట్టువిడువక అడుగు తరువాత అడుగు వేయుటయేయని ఆయన తన బంధువుతో చెప్పుకొనెనట. అది వట్టి వినయము కాదు, యథార్థ కథనము.

శ్రీరామపురపు ముద్రాలయము ఒక భాషాకర్మాగారము. అక్షరములు చెక్కుటలో సిద్ధహస్తుడైన పంచానన కర్మకారుడు, ఆయన అల్లుడు మనోహరుడు అచ్చటి దిమ్మెలకు ప్రాణము పోసిరి. వారి నైపుణ్యము లేనిచో కేరీ సంకల్పము కాగితముపైనే నిలిచిపోయెడిది. నానాదేశ పండితులు తమతమ భాషలలో చిత్తుప్రతులు వ్రాయుదురు. పలుమారు వారికి ఆధారము సంస్కృతానువాదము. కేరీ వానిని మూలముతో సరిచూచి దిద్దును. ఈ విధమున సుమారు 40 భాషలలో బైబిలు సంపూర్ణముగనో, అంశములుగనో అచ్చయ్యెను. కృత్తివాస రామాయణము, కాశీరామదాసుని భారతము సైతము ఈ యంత్రములమీదనే అచ్చయినవి. వాల్మీకి రామాయణమును ఆంగ్లానువాదముతో కేరీ, మార్ష్‌మన్‌లు 1806 మొదలుగా మూడు సంపుటములు ప్రకటించిరి.

ఇట్టి స్థితిలో 1812 మార్చి 11 వ తేదీ సాయంకాలమున ముద్రాలయమునకు నిప్పంటుకొనెను. కాగితము, పలుభాషల అచ్చు అక్షరములు, వ్రాతప్రతులు బూడిదయ్యెను. నష్టము 60,000 రూపాయలకు పైబడినది. కేరీ ఆ రాత్రి కలకత్తాలో నుండెను. మరునాడు మార్ష్‌మన్ పోయి వార్త చెప్పెను. కాలిపోయిన వ్రాతప్రతులలో కన్నడ క్రొత్త నిబంధన, పంజాబీ వ్యాకరణములో చాల భాగము, రామాయణానువాదపు తరువాయి, సంస్కృతముతో భారతీయభాషలను సరిపోల్చు మహానిఘంటువు ఉండెను. తెలుగు వ్యాకరణము పూర్తిగా ఉండెను. అది పూర్తిగా కాలిపోయెను.

అక్షరములు పోతపోయుటకు మూలమైన ఉక్కుముద్రలు బూడిదలో చెడక దొరకెను. ముద్రణయంత్రములు నిలిచెను. కరగిన సీసమును ఏరి తెచ్చి కొద్దిదినములలోనే వార్డు మరల పోతపని ఆరంభించెను. ఇంగ్లండులోని విశ్వాసులు కొన్ని వారములలోనే నష్టపరిహారమునకు చాలిన సొమ్ము పోగుచేసిరి. కాని వ్రాతప్రతులకు పరిహారము లేదు. అవి మరల వ్రాయవలసినవే. నడచిన దారిని రెండవమారు నడచుట కొంత సులభమని కేరీ మిత్రులకు వ్రాసెను. ఆ మాట ప్రకారము తెలుగు వ్యాకరణము రెండేండ్లలో తిరిగి వ్రాయబడి 1814 లో వెలువడెను.

ఇచ్చట ఒక విశేషము గమనింపదగినది. కాలిన వానిలో కేరీ దేనిని మరల చేపట్టెను, దేనిని విడిచెను? తెలుగు, పంజాబీ వ్యాకరణములను చేపట్టెను. బైబిలు అనువాదములను చేపట్టెను. రామాయణము మరల సాగలేదు. పండితుడుగా తన కీర్తికి శిఖరము కాగలిగిన మహానిఘంటువును తిరిగి ఆరంభింపలేదు. ఏబదియేండ్లు పైబడిన వానికి మిగిలిన కాలము కొంచెము. ఆ కాలము సువార్తకు ఏది యక్కరయో దానికే చెందవలెనని యాయన భావించి యుండవచ్చును. తెలుగు వ్యాకరణమునకు పునర్జన్మ కలిగినది తెలుగుపై మక్కువచేత కాదు, అది సువార్తకు పనిముట్టు కావుననే.

దీక్షయొక్క బలమే దాని దౌర్బల్యమునునై యుండును. కేరీ మొదలుగా కలకత్తా పండితులు సంస్కృతమును భారతీయభాషలకు మూలముగా భావించిరి. సంస్కృత పండితుల చేయూతతో, సంస్కృతానువాదపు మాదిరితో దూరమునుండి తెలుగును చూచిన కేరీకి దాని దేశ్యహృదయము పట్టువడలేదు. రెండేండ్ల తరువాత, 1816 లో, మద్రాసున అచ్చయిన క్యాంబెల్ వ్యాకరణమునకు ఎల్లిస్ వ్రాసిన పీఠికావ్యాఖ్య ఈ సిద్ధాంతమును త్రోసిపుచ్చెను. తమిళ, తెలుగు, కన్నడముల ధాతువులను ప్రక్కప్రక్కన నిలిపి, ఇవి సంస్కృతజన్యములు గాని ఒక ప్రత్యేక కుటుంబమని ఎల్లిస్ నిరూపించెను. కాల్డ్వెల్ గ్రంథము వెలువడినది ఇంకొక 40 ఏండ్లకు, 1856 లో. కేరీ నిఘంటువు కాలక, పూర్తియై, భాషల మాటలు వరుసగా ఎదుట నిలిచియుండినచో ఆయనకే ఈ భేదము తోచియుండెడిదేమో. అది ఊహ మాత్రమే.

బైబిలు అనువాదము గతియు ఇట్టిదే. 1805 లో విశాఖపట్నమునకు వచ్చిన లండను మిషనరీలు క్రాన్, దెగ్రాంజులు తెలుగువారి నడుమ నివసించి, ఆనందరాయరు అను క్రైస్తవ బ్రాహ్మణుని సాయముతో సువార్తలను తెనిగింప మొదలిడిరి. క్రాన్ 1809 లో, దెగ్రాంజు 1810 లో మరణించిరి. వారి సువార్తలకు అచ్చునిచ్చినది శ్రీరామపురమే. వారి వెనుక ప్రిచెట్టు క్రొత్త నిబంధనను పూర్తిచేసెను. జనులతో మాటలాడి వ్రాసిన ఆ అనువాదము ముందు శ్రీరామపురపు ప్రతి నిలువలేకపోయెను. పలుభాషలను ఒక్కసారి తలకెత్తుకొన్నవానికి ఏ యొక్క భాషయు సంపూర్ణముగా వశము కాదని ఈ యుదంతము చెప్పుచున్నది. వంగభాష మాత్రము దీనికి మినహాయింపు. ఆ గద్యమునకు కేరీ చేసిన ఉపకారమును వంగీయులు నేటికిని స్మరింతురు.

కుమారుడు ఫెలిక్సు విషయమున ఈ దీక్ష మరియొక రూపము చూపెను. బర్మాకు మిషనరీగా పోయిన ఫెలిక్సు 1814 లో ఆ దేశపు రాజుకొలువున చేరి, రాయబారిగా కలకత్తాకు వచ్చెను. లోకము దీనిని ఉన్నతిగా చూచెను. తండ్రి మాత్రము కుమారుడు మిషనరీ పదవినుండి రాయబారిగా కుంచించుకొనిపోయెనని దుఃఖించెను. ఆ యేడే ఫెలిక్సు తన భార్యను, బిడ్డలను ఐరావతీ నదిలో పడవ ప్రమాదమున పోగొట్టుకొని యుండెను. తరువాత శ్రీరామపురమునకు తిరిగివచ్చి, వంగభాషలో విజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, 1822 లో తండ్రి కంటె ముందే కన్నుమూసెను.

ఐనను ఈ దీక్షను కఠినమని మాత్రమే చెప్పిన అర్ధసత్యమగును. సహగమనమును వ్యతిరేకించుచు కేరీ ఏండ్ల తరబడి పోరాడెను. 1829 డిసెంబరు 4 నాటి నిషేధశాసనమును వంగభాషలోనికి మార్చుటకు ఆదివారమున తనకందినపుడు, ఆనాటి ప్రసంగమును ఇతరులకు అప్పగించి సాయంకాలములోపల అనువాదము ముగించెనని ప్రసిద్ధి. ఒక్క గడియ ఆలస్యమైనను ఒక స్త్రీ ప్రాణము పోవచ్చునని ఆయన తలంపు. విశ్రాంతిదినపు ప్రసంగముకంటె అది గొప్ప దైవకార్యమని ఆయన ఎరిగెను. ఇంటిలోని స్త్రీ యెడ లోపించిన చూపు ఇరవదియేండ్ల వెనుక దేశమందలి స్త్రీల యెడ మేల్కొనెనని అనుకొనవచ్చును.

తుదిదశ సుఖముగా సాగలేదు. స్వదేశపు సంఘముతో తగవు పెరిగి 1827 లో శ్రీరామపురము విడిపోయెను. 1830 లో పామర్ కంపెనీ కుప్పకూలి పలువుర సొమ్ము మునిగెను. ఫోర్టు విలియం కళాశాల ఉద్యోగమును పోయెను. 1834 జూన్ 9 వ తేదీన కేరీ దివంగతుడయ్యెను. తన సమాధిపై పేరు, జననమరణ తేదీలు, వాట్సు కీర్తనలోని రెండు చరణములు తప్ప మరేమియు వ్రాయరాదని ముందే శాసించెను.

మనకును అనన్యదీక్ష క్రొత్తది కాదు. పోతన భాగవతమును రాజునకీయక రామునకే సమర్పించెను. భద్రాచల రామదాసు చెరసాలలో క్రుంగెను. ఆ దీక్షలలో భగవంతుడే గమ్యము, భాషయే నైవేద్యము. కేరీకి గమ్యము భగవంతుడే కాని, భాష నైవేద్యము కాదు, పనిముట్టు. కాలము ఒక వింత చేసినది. ఆయన ఆశించిన రీతిని దేశము క్రైస్తవము కాలేదు. ఆయన పనిముట్టుగా ఎంచినవే, అచ్చు, వ్యాకరణము, గద్యము, 1818 లో నెలకొల్పిన కళాశాల, నిలిచిపోయినవి. నేడు హైదరాబాదునందలి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చదువు తెలుగు విద్యార్థికి పట్టమిచ్చునది ఆ శ్రీరామపురమే.

కేరీ తెలుగు వ్యాకరణమును నేడెవ్వరును భాష నేర్చుటకు చదువరు. అందలి లోపములను తరువాతివారు దిద్దిరి. కాని అది ఒకమారు కాలి, మరల వ్రాయబడిన గ్రంథమను విషయము మరువరానిది. అట్లే, ఆ వ్రాతబల్లకు ప్రక్కగదిలో నొక స్త్రీ బంధింపబడి యుండెనను విషయమును మరువరాదు. ఈ రెంటిని కలిపి జ్ఞాపకముంచుకొన్నపుడే దీక్ష యను మాటకు పూర్ణార్థము తెలియును.