ఆదివారం ఆరింటికి పడిపోయే సర్వర్ కథ



మన సంఘం చరిత్ర అంటే ఉగాది సభలు, కార్తీక వనభోజనాలు, గ్రూప్ ఫొటోలే కాదు. పిల్లల కోసం నడుపుతున్న మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌కీ ఒక చరిత్ర ఉంది. అందులో మేము చేసిన తప్పు ఒకటుంది. అది మరుగున పడకూడదనే ఈ పోస్టు. కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

ముందు పాత సంగతి. 1993లో డూమ్ వచ్చినప్పుడు నలుగురు కలిసి ఆడాలంటే నాలుగు కంప్యూటర్లూ ఒకదానితో ఒకటి అడుగు కలిపి నడవాలి. ఒకటి నెమ్మదిస్తే అందరి ఆటా నెమ్మదించేది. 1996లో వచ్చిన క్వేక్‌లో ఆట లెక్కంతా ఒక కంప్యూటర్ చూసుకుంటుంది, మిగతావి దానితో మాట్లాడతాయి. ఎవరూ దాని మీద ఆడకుండా ఆ పనికే కేటాయిస్తే అదే డెడికేటెడ్ సర్వర్. ఆడేవాళ్లలో ఒకరు వెళ్లిపోయినా ఆట ఆగదు. కానీ ఆ ఒక్కటి పడిపోతే అందరూ రోడ్డున పడతారు.

చెన్నైలో పెరిగిన మా తరానికి ఇదంతా నెట్ సెంటర్లలో తెలిసింది. సిఫీ ఐవే సెంటర్లు గుర్తున్నాయా? ఆ సిఫీ మొదటి పేరు సత్యం ఇన్ఫోవే. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పెట్టిన కంపెనీయే, చెన్నై నుంచి నడిచింది. 2000 తర్వాత గంటకింత అని కట్టి కౌంటర్ స్ట్రైక్ ఆడినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఆట ఆగిపోతే మళ్లీ ఆన్ చేయించుకునేవాళ్లమే తప్ప, ఎందుకు ఆగిందని ఒక్కనాడూ అడగలేదు. ఆ అలవాటే తర్వాత మా కొంప ముంచింది.

2020 లాక్‌డౌన్‌లో మన మాధవరం బస్టాండు నుంచి నెల్లూరు, తిరుపతి బస్సులు ఆగిపోయాయి. పిల్లలకు అమ్మమ్మగారి ఊళ్లు దూరమయ్యాయి. 2006 చట్టం వచ్చాక బడిలో తమిళం తప్పనిసరి, చదువు ఇంగ్లీషులో. ఇక తెలుగు ఇంట్లోనే. అందుకే సర్వర్ పెట్టాం. నెల్లూరు బావ, గుంటూరు అక్క, ఇక్కడి తమ్ముడు కలిసి ఇళ్లు కట్టుకుంటూ తెలుగులో పోట్లాడుకుంటుంటే పెద్దవాళ్లం పక్క గదిలో కూర్చుని విని మురిసిపోయాం.

కొన్నాళ్లకు ప్రతి ఆదివారం సాయంత్రం ఆరింటికి సర్వర్ పడిపోవడం మొదలైంది. కరెంటు అనుకున్నాం, కాదు. నెట్ అనుకున్నాం, కాదు. అప్పుడు ఎవరో మిరాయ్ సంగతి ఎత్తారు. 2016లో ఇళ్లలోని కెమెరాలు, రౌటర్లలోకి చొరబడిన ప్రోగ్రాం అది. రాసినవాళ్లు ముగ్గురు అమెరికా కుర్రాళ్లు. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ల మీద దాడులతో దానికి సంబంధం ఉంది. కోడ్ బయటపడ్డాక, అదే ఏడాది అక్టోబర్ 21న జరిగిన దాడిలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ కూడా చాలామందికి తెరుచుకోలేదు. ఆ ముగ్గురూ 2017లో నేరం ఒప్పుకున్నారు.

అంతే, మాకూ ఒక కుర్రాడు కావలసివచ్చాడు. పదో తరగతి పిల్లవాడొకడు ఆటలో గొడవపడి "మీ సర్వర్ పడగొడతా చూడండి" అని ఉన్నాడు. పిలిచి అడిగితే ముఖం ఎర్రబడింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుందని మాలో ఒకరన్నారు. వాణ్ని తీసేశాం. వాళ్లమ్మగారు మీటింగులకు రావడం మానేశారు.

వచ్చే ఆదివారం ఆరింటికి సర్వర్ మళ్లీ పడింది.

అప్పుడు గానీ బుద్ధి రాలేదు. ఒక నోటుబుక్ పెట్టి, పడిన టైము, ఆడుతున్నవాళ్ల సంఖ్య, ఆ వారం మేము మార్చినవి రాయడం మొదలుపెట్టాం. మైన్‌క్రాఫ్ట్ తన తప్పు వల్ల పడితే పోయేముందు ఒక రిపోర్టు రాసిపెడుతుంది. సెకనుకు 20 సార్లు నడవాల్సిన లెక్క ఒక్కసారికే 60 సెకన్లు దాటితే తనను తానే ఆపేసుకుంటుంది, అప్పుడూ రిపోర్టు ఉంటుంది. మా ఫోల్డర్‌లో ఒక్కటీ లేదు. అంటే దాన్ని బయటినుంచి ఎవరో ఆపేస్తున్నారన్నమాట.

ఆ ఎవరో మా లినక్సే. దాని లాగ్‌లో స్పష్టంగా ఉంది: మెమరీ అయిపోయింది, జావా ప్రాసెస్‌ని చంపేశాం అని. మెమరీ పూర్తిగా నిండితే, మొత్తం మెషిన్ కూలిపోకుండా ఎక్కువ తింటున్న ప్రోగ్రాంని లినక్స్ చంపేస్తుంది. మాది 8 జీబీ మెషిన్. ఆట నత్తనడక నడుస్తోందని జావాకి 7 జీబీ ఇచ్చేశాం, ఎక్కువిస్తే మంచిదే కదా అని. జావా ఆ పరిమితి పైన కూడా కొంత వాడుకుంటుందని పట్టించుకోలేదు. దానికితోడు ఆదివారం ఆరింటికి బ్యాకప్ పెట్టింది మేమే. పిల్లలంతా చేరేదీ అప్పుడే.

జావాకి 5 జీబీకి తగ్గించాం, బ్యాకప్‌ని తెల్లవారుజాము నాలుగింటికి మార్చాం. మళ్లీ ఆ రకంగా పడలేదు.

తర్వాత ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాం. వాడు ఆ వారమే ఆటలోకి వచ్చేశాడు. వాళ్లమ్మగారు మాత్రం ఆ పై ఉగాదికి గానీ రాలేదు. తప్పు ఆవిడది కాదు.

ఆ నోటుబుక్ సంఘం బీరువాలో ఉంది. మా తర్వాత సర్వర్ చూసుకునేవాళ్లకు ఒక్క మనవి. ఏదైనా పడిపోతే ముందు లాగ్ చూడండి, తర్వాత మీరేం మార్చారో చూడండి. మనుషుల వైపు ఆ తర్వాతే చూడండి.