పుంజు కూత నుంచి రక్తపరీక్ష దాకా

కోడెదూడకు విత్తులు కొట్టిస్తే మూపురం తగ్గి, పొగరు తగ్గి, కాడికి లొంగుతుందని మన రైతులకు తరతరాలుగా తెలుసు. సుశ్రుత సంహిత వాజీకరణ ప్రకరణంలో మేక వృషణాలను పాలలో ఉడికించి వాడే విధానం ఉంది. ఆ అవయవంలో ఏదో బలం ఉందన్న ఊహ అంత పాతది. ఆ బలం ఒళ్లంతటికీ ఏ దారిన చేరుతుందన్నది మాత్రం 1849 దాకా ఎవరూ చూపించలేకపోయారు.

ఆ ఏడాది జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ ఆరు పుంజులపై చేసిన ప్రయోగాన్ని ప్రకటించాడు. ఆరింటికీ వృషణాలు తీసేశాడు. రెండింటిని అలాగే వదిలి, మిగతా నాలుగింటికి పొట్టలో ఒక్కో వృషణం పెట్టి కుట్టాడు. వదిలేసిన రెండూ కూత మానేశాయి, జుట్టు పెరగలేదు, కయ్యానికి దిగలేదు. ఆ నాలుగూ మాత్రం మామూలు పుంజుల్లాగే కూశాయి, పోట్లాడాయి, పెట్టల వెంట పడ్డాయి. కోసి చూస్తే, పొట్టలో అతుక్కున్న వృషణం చుట్టూ రక్తనాళాలు అల్లుకున్నాయి గానీ నరాల జాడ లేదు. అంటే దాని ప్రభావం రక్తంలో కలిసే ప్రయాణిస్తోంది. హార్మోన్ల శాస్త్రానికే ఇది తొలి పునాది అని నా అభిప్రాయం. అయినా నాలుగు పేజీల ఆ పత్రాన్ని దశాబ్దాల పాటు పట్టించుకున్నవారు లేరు.

లోకం పట్టించుకున్నది మరొకరి మాటను. 1889లో పారిస్‌లో, 72 ఏళ్ల ప్రసిద్ధ శరీరశాస్త్రవేత్త బ్రౌన్-సెకార్ కుక్కల, గినీపందుల వృషణాల రసం తానే ఎక్కించుకుని, యౌవనం తిరిగొచ్చిందని పండితుల సభలో చెప్పాడు. మెట్లు పరుగున ఎక్కగలుగుతున్నానన్నాడు. వైద్యులు ఎగబడ్డారు. నీళ్లతో తీసిన ఆ రసంలో పనిచేసేంత హార్మోను ఉండే అవకాశమే లేదు: వృషణం దాన్ని నిల్వ చేసుకోదు, అది నీటిలో సరిగా కరగదు. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు అదే పద్ధతిలో రసం తీసి కొలిచి ఈ సంగతి తేల్చారు. ఆయన అబద్ధమాడలేదు, నమ్మకమే ఆయనను మెట్లెక్కించింది. వియన్నాలో శరీరశాస్త్రవేత్త స్టైనాక్ వీర్యనాళాన్ని ముడివేసి యౌవనం ఇస్తానన్నాడు. 1923లో ఫ్రాయిడ్, 1934లో కవి యేట్స్ ఆ శస్త్రచికిత్స చేయించుకున్నారు. పారిస్‌లో శస్త్రవైద్యుడు వోరొనాఫ్ కోతుల వృషణాల ముక్కలను ధనవంతులకు అతికించాడు.

అసలు పదార్థం దొరకడానికి రసాయనశాస్త్రం చాలా చెమటోడ్చింది. 1927లో షికాగోలో కాక్, మెగీ 18 కిలోల ఎద్దు వృషణాల నుంచి 20 మిల్లీగ్రాముల సారం తీశారు. 1931లో బుటెనాంట్ వేల లీటర్ల మగవారి మూత్రం నుంచి 15 మిల్లీగ్రాముల ఆండ్రోస్టెరోన్ అనే మగ హార్మోను సంపాదించాడు. 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో లాకర్ బృందం దాదాపు 100 కిలోల వృషణాల నుంచి 10 మిల్లీగ్రాముల అసలు హార్మోను, టెస్టోస్టెరాన్‌ను వేరుచేసింది. అదే ఏడాది బుటెనాంట్, రుజిచ్కా విడివిడిగా దాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. 1939 నోబెల్ వారిద్దరిదీ.

ఇక ఎవరికి ఇవ్వాలి? ఈ ప్రశ్నకు మంచి జవాబు 1944లోనే వచ్చింది. అమెరికా వైద్యులు హెలర్, మయర్స్ నీరసం, చిరాకు, కోరిక తగ్గడం వంటి బాధలతో వచ్చిన మగవారి మూత్రంలో పీయూషగ్రంథి హార్మోన్లను కొలిచారు. వృషణాలు చాలకపోతే పీయూషగ్రంథి గట్టిగా పురమాయిస్తుంది, ఆ హార్మోన్లు పెరుగుతాయి. అలా పెరిగినవారికి టెస్టోస్టెరాన్ ఇస్తే కోలుకున్నారు. బాధలు అవే అయినా కొలత మామూలుగా ఉన్నవారికి ఏ మేలూ జరగలేదు. ముందు కొలవాలి, తర్వాతే ఇవ్వాలి. ఇంత తేటగా తేలిన విషయాన్ని వైద్యం మళ్లీ మళ్లీ మరిచిపోవడం నన్ను బాధిస్తుంది.

1941లో హగిన్స్, వృషణాలు తీసేస్తే ప్రోస్టేట్ క్యాన్సర్ తగ్గుముఖం పడుతుందని చూపించాడు. ఆయనకు 1966లో నోబెల్ వచ్చింది. టెస్టోస్టెరాన్ ఇస్తే ఆ క్యాన్సర్ పెరుగుతుందేమోనన్న భయంతో వైద్యులు చాలాకాలం ఈ మందుకు దూరంగా ఉన్నారు. 2000లో చర్మానికి రాసుకునే జెల్ రావడంతో గాలి మారింది. అమెరికాలో 40 దాటిన మగవారిలో ఈ మందు వాడేవారు 2001లో నూటికి ఒకరికన్నా తక్కువ; 2011 నాటికి దాదాపు ముగ్గురు. వాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి ముందు రక్తపరీక్షే జరగలేదు.

రుజువులు ఆలస్యంగా వచ్చాయి. 65 దాటి, స్థాయి తగ్గిన 790 మందిపై జరిపిన పరీక్షల్లో కోరిక కొంత పెరిగింది, ఎముక గట్టిపడింది, రక్తహీనత తగ్గింది. జ్ఞాపకశక్తి మాత్రం మెరుగుపడలేదు. 2023లో 5,200 మందికి పైగా పాల్గొన్న ట్రావర్స్ అధ్యయనం, గుండెజబ్బు ముప్పు ఉన్నవారిలో కూడా గుండెపోటు, పక్షవాతం పెరగలేదని చెప్పింది. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం కొంత ఎక్కువగా కనిపించాయి. ఎముక గట్టిపడుతుందనుకుంటే విరుగుళ్లు కూడా పెరిగాయి.

మన ఇళ్లలో మధుమేహం, పొట్ట ఉన్న మగవారు ఎందరో. కొవ్వు పెరిగితే ఈ హార్మోను తగ్గుతుంది, బరువు తగ్గితే చాలావరకు తిరిగి పెరుగుతుంది. అలాంటివారిలో తక్కువ స్థాయి తరచూ జబ్బుకు కారణం కాదు, గుర్తు. అదనపు X క్రోమోజోముతో, అంటే క్లైన్‌ఫెల్టర్ సిండ్రోమ్‌తో పుట్టి హార్మోను చాలనివారికి, పీయూషగ్రంథిలో గడ్డ వల్ల హార్మోను పడిపోయినవారికి మాత్రం చాలాసార్లు టెస్టోస్టెరాన్ అవసరమైన మందు. అమెరికా యూరాలజీ సంఘం సూచన ప్రకారం వేర్వేరు రోజుల్లో ఉదయం చేసిన రెండు పరీక్షల్లోనూ డెసిలీటరుకు 300 నానోగ్రాముల కన్నా తగ్గి, లక్షణాలు కూడా ఉండాలి.

జిమ్‌లో కండల కోసం సూది వేయించుకునే కుర్రాడికి ఈ పరీక్షలేవీ ఉండవు. బయటి నుంచి హార్మోను రాగానే పీయూషగ్రంథి వృషణాలను పురమాయించడం మానేస్తుంది, వీర్యకణాల తయారీ బాగా తగ్గుతుంది, చాలామందిలో ఆగిపోతుంది. ఈ ప్రభావం ఎంత గట్టిదంటే, 1990లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారం వారం టెస్టోస్టెరాన్ సూదిని మగవారికి గర్భనిరోధకంగా పరీక్షించి చూసింది. మానేశాక కణాలు తిరిగి రావడానికి నెలలు, కొందరికి ఏడాదికి పైగా పడుతుంది. పెళ్లై పిల్లల కోసం వైద్యుడి దగ్గరికి వెళ్లే మగవాడు ఈ సూదుల సంగతి మొదటే చెప్పాలి.