రన్ రన్ షా: సినిమా సొమ్ము, శాస్త్ర బహుమతి

రన్ రన్ షా 1907లో చైనాలోని నింగ్బోలో పుట్టాడు. తండ్రిది బట్టల వ్యాపారం. పెద్దన్న రంజీ 1925లో షాంఘైలో సినిమా కంపెనీ పెట్టాడు. ఆ బొమ్మలకు గిరాకీ వెతుకుతూ మరో అన్న రన్‌మీ సింగపూర్ చేరాడు. కొన్నాళ్లకు రన్ రన్ కూడా అక్కడికే వెళ్లాడు. మలయాలో హాళ్లు తక్కువ. ఊరూరా ప్రొజెక్టరు దింపి, తెర కట్టి ఆడించేవారు. అచ్చం మన టూరింగ్ టాకీసుల బతుకే. క్రమంగా సొంత థియేటర్లు కట్టుకున్నారు. మలయ్ చిత్రాలు తీయడానికి భారతీయ దర్శకులను రప్పించారు. ఫణి మజుందార్ ‘హాంగ్ తువా’ అలా వచ్చిందే.

1957లో రన్ రన్ హాంకాంగ్‌కు మకాం మార్చి, మరుసటి ఏడాది షా బ్రదర్స్ స్థాపించాడు. క్లియర్‌వాటర్ బేలో 1961లో తెరుచుకున్న మూవీటౌన్‌ను ఫ్యాక్టరీ అనడమే సబబు. సెట్లు, ల్యాబ్, డబ్బింగ్ గదులు, నటుల వసతి గృహాలు అన్నీ ఒకే ఆవరణలో ఉండేవి. మాటలను షూటింగ్‌లో రికార్డు చేసేవారు కాదు, తర్వాత మాండరిన్‌లో చెప్పించేవారు. ‘కమ్ డ్రింక్ విత్ మీ’ (1966), ‘వన్ ఆర్మ్‌డ్ స్వోర్డ్స్‌మన్’ (1967) కత్తియుద్ధాల సినిమాకు కొత్త ఊపు తెచ్చాయి. పారితోషికాల దగ్గర మాత్రం షా చేయి బిగువు. 1970లో షా సంస్థలోని రేమండ్ చౌ విడిపోయి గోల్డెన్ హార్వెస్ట్ అనే సినిమా కంపెనీ పెట్టాడు. షా చూపిన మామూలు కాంట్రాక్టు నచ్చక బ్రూస్ లీ ఆ గూటికి చేరాడు. షా చేసిన పొదుపుల్లో అన్నిటికన్నా ఖరీదైనది ఇదే.

ఆ దెబ్బ నుంచి గట్టెక్కించింది టీవీ. 1967లో ప్రసారాలు మొదలుపెట్టిన హాంకాంగ్ టీవీ సంస్థ టీవీబీ స్థాపకుల్లో ఆయన ఒకడు. 1980లో చైర్మన్ అయ్యాడు. చౌ యున్ ఫాట్, యాండీ లౌ ఆ సంస్థ శిక్షణ తరగతుల్లోంచే వచ్చారు. 80ల మధ్యకల్లా షా సినిమాల నిర్మాణం దాదాపు ఆపేశాడు.

దానం ఊపందుకున్నదీ ఆ కాలంలోనే. చైనా అంతటా బడులకు, విశ్వవిద్యాలయాలకు భవనాలు కట్టించాడు. ‘యీఫూ’ అన్న ఆయన పేరు అక్కడి విద్యార్థులకు సినిమాకన్నా లైబ్రరీ గోడ మీదే ఎక్కువ పరిచయం. పేరు చెక్కించుకోవడంపై మోజు ఉంటే ఉండవచ్చు. గదులు మాత్రం పిల్లలకు దక్కాయి. 2002లో షా ప్రైజ్ నెలకొల్పి, 2004 నుంచి ఖగోళశాస్త్రం, గణితం, జీవశాస్త్రం–వైద్యం రంగాల్లో ఏటా పది లక్షల డాలర్ల చొప్పున ఇప్పించాడు. మొదటి రెండింటికీ నోబెల్ లేదు. విచిత్రంగా, తనకు సిరి తెచ్చిన సినిమాకు ఆ బహుమతుల్లో చోటివ్వలేదు.

2011 చివరిదాకా టీవీబీ చైర్మన్‌గా ఉండి, 2014 జనవరి 7న 106 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. 2024లో ఖగోళశాస్త్రానికి షా ప్రైజ్ అందుకున్నది భారత్‌లో పుట్టిన శ్రీనివాస్ కులకర్ణి.