చింతరెమ్మ కార్డు

క్రిస్మస్ కార్డుకు పుట్టిల్లు లండన్. 1843లో హెన్రీ కోల్ అనే పెద్దమనిషి, మిత్రులందరికీ విడివిడిగా ఉత్తరాలు రాసే తీరిక లేక, జాన్ హార్స్లీ అనే చిత్రకారునిచేత బొమ్మ వేయించి సుమారు వెయ్యి ప్రతులు అచ్చొత్తించాడు. రంగులు మాత్రం చేతితోనే అద్దారు.

మా పశ్చిమ ప్రకాశానికి ఈ పండుగ వచ్చిన దారి వేరు. కంభం చెరువును నింపి దిగువకు పారే గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, 1876-78 నాటి ధాత కరువు వెనువెంటనే, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అత్యధికులు మాదిగలు. క్లౌ దొర నాయకత్వాన ఒంగోలులో వేళ్ళూనిన అమెరికన్ బాప్టిస్టు మిషను తరువాత కంభం, మార్కాపురాలకూ విస్తరించింది. చదువుకు ఆమడ దూరాన నిలిపిన పేటల్లోకి బడి వచ్చింది, పలక వచ్చింది.

నా చిన్ననాట మా ఇళ్ళలో కార్డులు కొనడం అరుదు. డ్రాయింగు షీటు మడిచి, పైన చింతరెమ్మ పరచి, సిరాలో ముంచిన పళ్ళ బ్రష్షును దువ్వెనపై గీకేవాళ్ళం. తుంపరలు ఆరాక రెమ్మ ఎత్తితే తెల్లని ఆకుల బొమ్మ తేలేది. మంచు ఎరుగని ఊళ్ళకు అదే మంచు. లోపల రెండు వాక్యాల శుభాకాంక్షలు, కింద పేరు. కవరు అంటించకుండా బుక్ పోస్టులో పంపితే ఖర్చు తక్కువయ్యేది.

నా దృష్టిలో ఆ కార్డులో అసలు చరిత్ర బొమ్మది కాదు, కిందనున్న సంతకానిది. వేలిముద్ర వేసిన తాతల మనుమలు తమ పేరు తామే రాసి ఊరూరికీ పంపుకున్న కాగితమది. మీ ట్రంకుపెట్టెల్లో అటువంటివి మిగిలివుంటే దయచేసి పారవేయకండి.