గుంటూరు, ప్రకాశము జిల్లాలలో తృతీయాప్రకృతి గణనము

తృతీయాప్రకృతి యను పేరు అమరకోశమందే కలదు. ఆ జనుల గణనము మాత్రము నవీనము. నిజాం రాజ్యమున 1919 నాటి నపుంసకుల చట్టము వారి పట్టికను కోరినది నిఘాకొఱకే. తెలంగాణ ఉన్నత న్యాయస్థానము 2023లో దానిని కొట్టివేసినది.

స్త్రీ పురుషేతరులకు ప్రత్యేక సంకేత మొసగిన జనగణనము 2011 నాటిది. అవిభక్తాంధ్రప్రదేశమున 43,769 మంది నమోదైరి. అనగా పదివేలకు అయిదుగురు. ఈ నిష్పత్తిచొప్పున 48.9 లక్షల జనముగల నాటి గుంటూరు జిల్లాలో సుమారు 2,500 మంది, 34 లక్షల ప్రకాశములో 1,750 మంది యుండవలెను.

అయినను దేశమందలి 4,87,803 మందిలో 54,854 మంది ఆఱేండ్ల వఱకు గల శిశువులు. వారినిగూర్చి వ్రాయబడినది పెద్దల మాటయే. మఱి పురుషనామముతో పత్తిచేలకు, మిరప కల్లములకు కూలికి పోవువారు ఈ లెక్కకు దొరకరు. లింగనిర్ణయము వ్యక్తిదేయని సర్వోన్నత న్యాయస్థానము 2014లో తీర్పు చెప్పినది. కావున పై సంఖ్య ఇరుగుపొరుగుల గుర్తింపునకు కొలతయే గాని, ఆత్మగుర్తింపునకు గాదు. దానినే హద్దుగా గొని సహాయమును కొలుచుట న్యాయము గాదు.