బొమ్మ ఇటుకలతో రైలింజన్లు, స్టేషన్లు: నమూనాల వెనుక కొలతల లెక్క

పిల్లల ఆటవస్తువుగా పుట్టిన ప్లాస్టిక్ ఇటుకలు నేడు పెద్దల చేతుల్లో కచ్చితమైన రైల్వే నమూనాలుగా రూపుదిద్దుకుంటున్నాయి. అసలు ఇంజన్ కొలతలను నిర్ణీత నిష్పత్తిలో తగ్గించి, చక్రాల అమరిక మొదలుకొని పైకప్పు వంపు వరకు పునఃసృష్టించడం ఈ అభిరుచిలోని ప్రధానాంశం. భారతీయ బ్రాడ్‌గేజ్ రైళ్లను ఈ పద్ధతిలో నిర్మించదలచినవారు తెలుసుకోవలసిన చరిత్ర, కొలతలు, మెలకువలు, జాగ్రత్తల వివరాలివి.

నేపథ్యం

డెన్మార్క్‌లోని బిల్లుండ్‌లో 1932లో ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ నెలకొల్పిన వడ్రంగి బొమ్మల సంస్థే తరువాత లెగోగా ప్రసిద్ధి చెందింది. ఒకదానిలో ఒకటి బిగిసే ఇటుక నిర్మాణానికి 1958 జనవరి 28న పేటెంట్ దరఖాస్తు దాఖలైంది. ఆనాటి ఇటుక నేటి ఇటుకకు అతుకుతుంది.

ఈ సంస్థ రైళ్లు 1966లో వెలువడ్డాయి. తొలినాటివి 4.5 వోల్టుల బ్యాటరీతో నడిచేవి. 1969లో 12 వోల్టుల విధానం, 1991లో లోహపు పట్టాల ద్వారానే విద్యుత్తు అందించే 9 వోల్టుల విధానం వచ్చాయి. 2006 నుంచి లోహం లేని ప్లాస్టిక్ పట్టాలు ప్రవేశించడంతో బ్యాటరీ తిరిగి వాహనంలోకే చేరింది. 2018 నాటి విధానంలో బ్లూటూత్ ద్వారా మొబైల్ ఫోన్‌తోనూ రైలును నడపవచ్చు.

ఇటుక కొలతలు

ఇటుకపై ఉండే ఒక బొడిపె మధ్య నుంచి పక్క బొడిపె మధ్యకు దూరం 8 మిల్లీమీటర్లు. నమూనాకారులు పొడవు, వెడల్పులను ఈ బొడిపెల లెక్కలోనే చెబుతారు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. పలుచని పలక ఎత్తు అందులో మూడో వంతు, అంటే 3.2 మిల్లీమీటర్లు.

ఈ సంఖ్యలలో ఒక ఉపయోగకరమైన పొంతన ఉంది. ఐదు పలకలను పేర్చితే 16 మిల్లీమీటర్లు వస్తుంది. రెండు బొడిపెల వెడల్పు కూడా అంతే. అందువల్ల ఇటుకలను పక్కకు తిప్పి అమర్చినా ఖాళీలు లేకుండా కలుస్తాయి. ఇంజన్ పక్కభాగంలోని గాలి జాలీలు, రంగు చారలు, ముందుభాగపు ఏటవాలు ఎక్కువగా ఈ పక్కవాటు అమరికతోనే సాధ్యమవుతాయి.

నిష్పత్తి ఎంపిక

లెగో పట్టాల లోపలి అంచుల మధ్య దూరం సుమారు 37.5 మిల్లీమీటర్లు. ప్రపంచంలో అధికంగా వాడుకలో ఉన్న స్టాండర్డ్ గేజ్ 1,435 మిల్లీమీటర్లు కనుక, ఐరోపా, అమెరికా రైళ్లకు సరిపోయే నిష్పత్తి దాదాపు 1:38. భారతీయ బ్రాడ్‌గేజ్ వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. దీనిని 37.5తో భాగిస్తే సుమారు 1:45 వస్తుంది. విదేశీ నమూనాల ప్రణాళికలను యథాతథంగా అనుసరిస్తే మన రైలుకు పట్టాలు ఇరుకుగా కనిపించడానికి కారణం ఇదే.

1:45 నిష్పత్తిలో కొన్ని కొలతలు:

– ఎల్‌హెచ్‌బీ పెట్టె పొడవు 23.54 మీటర్లు: నమూనాలో 523 మిల్లీమీటర్లు, అంటే 65 బొడిపెలు
– అదే పెట్టె వెడల్పు 3.24 మీటర్లు: 72 మిల్లీమీటర్లు, సరిగ్గా 9 బొడిపెలు
– డబ్ల్యూఏపీ-7 విద్యుత్ ఇంజన్ పొడవు 20.56 మీటర్లు: 457 మిల్లీమీటర్లు, 57 బొడిపెలు
– 2.1 మీటర్ల తలుపు: 47 మిల్లీమీటర్లు, దాదాపు 5 ఇటుకల ఎత్తు
– 5.5 మీటర్ల ఎత్తులోని విద్యుత్ తీగ: 122 మిల్లీమీటర్లు

తొమ్మిది బొడిపెల వెడల్పులో ఒక చిక్కు ఉంది. చక్రాల భాగాలు సరి సంఖ్యకు అనుగుణంగా తయారైనవి కనుక, బేసి వెడల్పు పెట్టెను మధ్యగా నిలపడానికి అర బొడిపె జరిపే ప్రత్యేక పలకలు అవసరమవుతాయి. ఈ శ్రమ వద్దనుకునేవారు 8 బొడిపెల వెడల్పును ఎంచుకుంటారు. అప్పుడు నిష్పత్తి 1:50కి చేరి, పెట్టె పొడవు 58 బొడిపెలకు తగ్గుతుంది. పట్టాలు మాత్రం కొంత వెడల్పుగా కనిపిస్తాయి. పిల్లల సెట్లలో సాధారణమైన 6 బొడిపెల వెడల్పులో ఈ తేడా మరింత స్పష్టమవుతుంది.

మలుపుల వద్దే అసలు పరీక్ష

నమూనా ఎంత కచ్చితంగా ఉన్నా మలుపు తిరగకపోతే అది అలమారలో బొమ్మగానే మిగులుతుంది. లెగో సాధారణ వంపు పట్టాలు 16 కలిస్తే పూర్తి వలయం ఏర్పడుతుంది. దాని వ్యాసార్ధం 40 బొడిపెలు, అంటే 320 మిల్లీమీటర్లు. 1:45 లెక్కన ఇది 14.4 మీటర్లకు సమానం. భారతీయ బ్రాడ్‌గేజ్‌పై అనుమతించే అతి తీవ్రమైన మలుపు 10 డిగ్రీలు, దాని వ్యాసార్ధం 175 మీటర్లు. అంటే బొమ్మ మలుపు అసలు దానికంటే 12 రెట్లు బిగుతైనది.

దీని ఫలితంగా పొడవైన పెట్టెల కొనలు మలుపులో బయటికి చొచ్చుకొచ్చి ప్లాట్‌ఫారాన్ని, పక్క లైనులోని బండిని తాకుతాయి. దీనికి మూడు పరిష్కారాలున్నాయి. పెట్టె పొడవు తగ్గించడం మొదటిది. చక్రాల బోగీలను కొనల వైపు కొంత జరపడం రెండవది. ఇతర తయారీదారుల నుంచి లభించే విశాలమైన వంపు పట్టాలు వాడటం మూడవది. అయితే 104 బొడిపెల వ్యాసార్ధం గల పట్టాలు కూడా 37 మీటర్ల మలుపుకే సమానం.

ఆవిరి ఇంజన్ మరింత కఠినం

విద్యుత్, డీజిల్ ఇంజన్ల చక్రాలు బోగీలతో పాటు తిరుగుతాయి. ఆవిరి ఇంజన్ చోదక చక్రాలు ఒకే చట్రానికి బిగిసి ఉంటాయి. 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కర్మాగారం నుంచి భారత్ చేరిన డబ్ల్యూపీ తరగతి ఇంజన్ ఇందుకు చక్కని ఉదాహరణ. తుపాకీ గుండు ఆకారపు ముందుభాగంతో ఎక్స్‌ప్రెస్ రైళ్లకు గుర్తుగా నిలిచిన ఈ ఇంజన్‌కు ముందు నాలుగు చిన్న చక్రాలు, మధ్యలో ఆరు చోదక చక్రాలు, వెనుక రెండు చక్రాలు ఉంటాయి.

దాని చోదక చక్రం వ్యాసం 1,705 మిల్లీమీటర్లు. 1:45లో అది 38 మిల్లీమీటర్లు. చక్రాలు ఇంత పెద్దవైనప్పుడు మధ్య జతకు అంచు లేని చక్రాలు అమర్చితే బిగుతైన మలుపును దాటగలవు. అసలు రైల్వేలలోనూ కొన్ని ఇంజన్లకు ఇదే ఉపాయం వాడారు. గుండ్రటి ముక్కును వంపు ముక్కలతో నాలుగు దిక్కులా పక్కవాటుగా పేర్చి సాధించాలి.

స్టేషన్లు, వంతెనలు

భవనాలను పూర్తి కొలతతో కట్టడం సాధారణంగా వీలుకాదు. రాజమహేంద్రవరం వద్ద గోదావరి ఆర్చ్ వంతెనలోని 28 కమానులలో ఒక్కొక్కటి 97.55 మీటర్లు. ఒక్క కమానుకే 1:45లో 2.17 మీటర్ల చోటు కావాలి. కాబట్టి కిటికీలు, తలుపులు, కమానుల కొలతను నిలిపి, వాటి సంఖ్యను తగ్గిస్తారు. చూపరికి భవనం స్వభావం మారదు, పొడవు మాత్రమే కుదిస్తుంది.

నిజాం కాలంలో 1916లో నిర్మితమైన హైదరాబాద్ కాచిగూడ స్టేషన్ వంటి కట్టడంలో గుమ్మటాలు, మినార్లు, తోరణాలు ప్రధానం. తోరణాలకు సిద్ధంగా లభించే కమాను ముక్కలు సరిపోతాయి. గుమ్మటానికి మాత్రం వరుస వరుసకూ వ్యాసం తగ్గించుకుంటూ వలయాలు పేర్చవలసి ఉంటుంది. ముందుగా కంప్యూటర్‌లో నిర్మించి చూస్తే ముక్కల వృథా తగ్గుతుంది. ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ జెస్సిమన్ 1995లో రూపొందించిన ఎల్‌డ్రా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పద్ధతికి బాట వేసింది.

కొనుగోలులో జాగ్రత్తలు

ఇటుక పేటెంట్ల గడువు ముగిసిన తరువాత అనేక సంస్థలు ఇదే కొలతతో ముక్కలు తయారు చేస్తున్నాయి. ఇటుక ఆకారాన్ని ట్రేడ్‌మార్క్‌గా నమోదు చేయడం కుదరదని ఐరోపా న్యాయస్థానం 2010లో తీర్పునిచ్చింది. భారత్‌లో 2021 జనవరి 1 నుంచి 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. చిన్న ముక్కలు గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉన్నందున మూడేళ్లలోపు పిల్లలకు వీటిని దూరంగా ఉంచాలి.

ఎందుకు ముఖ్యం

స్టేషన్ల పునర్నిర్మాణం దేశవ్యాప్తంగా సాగుతోంది. తోరణాలతో కూడిన సికింద్రాబాద్ స్టేషన్ పాత ముఖభాగాన్ని 2025లో తొలగించారు. 1900లో ప్రారంభమైన గోదావరి హేవలాక్ వంతెనపై 1997 తరువాత రైళ్లు నడవడం లేదు. నమూనా కట్టేవారు కిటికీల సంఖ్య, తోరణం ఎత్తు, రంగు, ప్లాట్‌ఫారం అంచు వంటి వివరాలను ముందుగా కొలిచి, ఫొటోలు తీసి భద్రపరచుకుంటారు. కట్టడం కనుమరుగయ్యాక ఆ కొలతల పుస్తకం బొమ్మకంటే విలువైనది కావచ్చు. అందుకే ఊరి స్టేషన్‌ను నమూనాగా కట్టాలనుకునేవారు ఇటుకలు కొనడానికి ముందు, భవనం నిలిచి ఉండగానే, అనుమతి తీసుకుని కొలతలు సేకరించుకోవడం మంచిది.